పది ముర్రా గేదెల షెడ్డు: పేడ, మీథేన్, మురుగు... ముందు ఏది సరిచేయాలి?

ప్రశ్న: కొల్లేటిగట్టు

కైకలూరు వైపు, నల్లరేగడి నేల. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. పది ముర్రా గేదెలకు షెడ్డు కట్టాలి, ఇంకా పునాది పడలేదు. కాబట్టి ఏదైనా మార్చుకోవడానికి ఇదే సమయం.

ఇప్పటి ప్లాను ఇలా ఉంది. సిమెంటు నేల, రోజుకు రెండుసార్లు పైపుతో కడగడం. పేడ, మూత్రం, కడిగిన నీళ్లు అన్నీ ఒకే కాలువలో వెళ్లి షెడ్డు వెనక 12×12×6 అడుగుల గుంటలో పడతాయి. అక్కడి నుంచి మడ్ పంపుతో ఎకరం సూపర్ నేపియర్ గడ్డికి. మిగిలింది పక్కనున్న డ్రెయిన్‌లోకి. ఆ డ్రెయిన్ చివరికి కొల్లేట్లోనే కలుస్తుంది.

పశువుల వల్ల భూమి వేడెక్కుతోందని, గేదె కడుపులోంచి మీథేన్ వస్తుందని చదువుతున్నాం. సముద్రపు నాచు, హరిత్ ధార అనే పొడి లాంటివి తినిపిస్తే తగ్గుతుందంటున్నారు. గోబర్ గ్యాస్ పెడితే సరిపోతుందని ఇంకొందరు. డబ్బు పరిమితం. పది గేదెల స్థాయిలో ఏ పనికి ఎంత ఫలితమో లెక్కతో చెప్పగలరా? పేడంతా గ్యాస్ ప్లాంటుకు పెట్టొచ్చా? మేతలో ఏం మార్చాలి?

---

పాడిలెక్క

నాచు సంగతి పక్కన పెట్టండి. మీ ప్లానులో పెద్ద తప్పు ఆ గుంట.

గేదె కడుపు నుంచి ఏడాదికి సుమారు 55 కిలోల మీథేన్ వస్తుందని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) 2006 మార్గదర్శకాల లెక్క. పదింటికి 550 కిలోలు. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే ఏడాదికి దాదాపు 15 టన్నులు. ఇందులో చాలా భాగం మీరు ఆపలేరు, నెమరు వేసే జంతువు స్వభావం అది.

ఇప్పుడు పేడ. అదే మార్గదర్శకాల ప్రకారం మన గేదె పేడలో రోజుకు 3.1 కిలోల కుళ్లే పదార్థం ఉంటుంది. గాలి తగలకుండా అదంతా కుళ్లితే ఏడాదికి 75 కిలోల దాకా మీథేన్ పుట్టగలదు. ఎంత పుడుతుందనేది మీరు పేడను ఎలా ఉంచారన్న దాన్నిబట్టి ఉంటుంది. వేడి ప్రాంతాల్లో పొడిగా కుప్ప వేస్తే ఆ 75లో 5 శాతం, అంటే నాలుగు కిలోల లోపు. నీళ్లతో కలిపి గుంటలో నిలవబెడితే, సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటే చోట, 80 శాతం వరకు. అంటే 60 కిలోలు. పైన గట్టి తెట్టు కడితే 50 శాతానికి తగ్గుతుంది, అయినా 38 కిలోలు.

అంటే మీరు కట్టబోయే గుంట ప్రతి గేదెకూ రెండో కడుపు తగిలించినట్టే. ఇవి పైహద్దు లెక్కలే, మోటారు పెట్టి తరచూ తోడేస్తే తగ్గుతుంది. కానీ మీథేన్ తగ్గించడానికి కొని తినిపించే ఏ పొడీ ఇంత తేడా తేలేదు. గుంట తవ్వకపోవడానికి ఖర్చు కూడా లేదు.

కాబట్టి పేడను నీళ్లతో కలపనివ్వకండి. నేల వాలు 10 అడుగులకు 2 అంగుళాలు. ఇంతకన్నా ఎక్కువైతే చూడి గేదెలు జారతాయి, తక్కువైతే మూత్రం నిలుస్తుంది. గేదెల వెనక అడుగు వెడల్పు, మూడు నాలుగు అంగుళాల లోతు, అడుగున గుండ్రంగా ఉన్న కాలువ. మూలలు చదరంగా కడితే పేడ ఇరుక్కుని రోజూ గీరాల్సి వస్తుంది. పేడను రోజుకు మూడుసార్లు పారతోనో రబ్బరు గీకుడు కర్రతోనో ఎత్తి తట్టలో తీసేయాలి. ఆ తర్వాతే నీళ్లు, అదీ రోజుకు ఒక్కసారి. ఎండాకాలం గేదెలను కడిగే నీళ్లు వేరే.

మూత్రం కాలువ చివర 500 లీటర్ల మూత ఉన్న తొట్టి. గేదెకు రోజుకు పది లీటర్లనుకుంటే ఐదు రోజులకు నిండుతుంది. మూత తప్పనిసరి, లేకపోతే అందులో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. కళ్లు మండే ఆ ఘాటు అదే, మీరు యూరియా కట్ట విప్పి గాల్లో చల్లుతున్నట్టు. ఒక పాలు మూత్రానికి ఎనిమిది నుంచి పది పాళ్ల నీళ్లు కలిపి తడిలో పారించండి. చిక్కగా పోస్తే నేపియర్ దుబ్బులు అంచుల నుంచి మాడతాయి.

డ్రెయిన్‌లోకి మాత్రం ఏదీ వదలకండి. పేడనీళ్లలో నత్రజని, భాస్వరం గుర్రపుడెక్కకు బలం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే మురుగే కొల్లేటికి చాలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాడి షెడ్ల మార్గదర్శకాల్లో గేదెకు రోజుకు 150 లీటర్లు, ఆవుకు 100 లీటర్లు మించి నీళ్లు వాడొద్దని ఉంది. పైపుతో కడిగే పద్ధతిలో ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. పైపు చివర చేత్తో నొక్కితేనే నీళ్లు వచ్చే గన్ బిగిస్తే సగం సమస్య తీరుతుంది.

---

గ్యాస్‌బండ

గోబర్ గ్యాస్ ప్రశ్నకు జవాబు. పేడంతా పెట్టొద్దు.

పది గేదెలకు రోజుకు సుమారు 200 కిలోల పేడ. 25 కిలోలకు ఒక ఘనపు మీటరు గ్యాస్, అంటే ఎనిమిది ఘనపు మీటర్లు. వంటకు మనిషికి 0.3 ఘనపు మీటరు లోపే. ఐదుగురి ఇంటికి, పాల సామాను కడిగే వేడినీళ్లకు కలిపి రెండు ఘనపు మీటర్లు సరిపోతాయి. మిగతా ఆరు ఏం చేస్తారు?

అందరూ చేసేది తెలుసు. డోము (గ్యాస్ చేరే గుమ్మటం) నిండాక గ్యాస్ ఔట్‌లెట్ వైపు బుడగలుగా పోతుంది. గోబర్ గ్యాస్‌లో సగానికి పైగా మీథేనే. రోజుకు ఒక్క ఘనపు మీటరు మండించకుండా వదిలితే ఏడాదికి 135 కిలోల మీథేన్, అంటే రెండున్నర గేదెల కడుపులతో సమానం. ఆరు ఘనపు మీటర్లు వదిలితే 14, 15 గేదెలను కొత్తగా తెచ్చి కట్టినట్టు. పేడను పొడిగా కుప్ప వేసి ఉంటే ఇందులో చాలావరకు పుట్టేది కాదు. వాడలేనంత గ్యాస్ ప్లాంటు పర్యావరణానికి మేలు కాదు, నష్టం. సబ్సిడీ ఉందని పెద్దది కట్టించుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

మీకు రెండు ఘనపు మీటర్ల ప్లాంటు చాలు. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు. నెలకు పాతిక కిలోల వంటగ్యాస్‌కు సమానం, అంటే దాదాపు రెండు బండలు. పాలు కాచి పెరుగో నెయ్యో అమ్మే ఆలోచన ఉంటే అప్పుడు మూడో నాలుగో చూడండి. ముందు పొయ్యి, తర్వాత ప్లాంటు.

మీ నేలకు ఇంకో చిక్కు ఉంది. దీనబంధు మోడల్ భూమిలో పాతే ఇటుక డోము. నాలుగడుగులకే నీళ్లు పడే చోట వానాకాలంలో ఖాళీగా ఉంచితే కింది నుంచి నీటి ఒత్తిడికి అడుగు పగులుతుంది. కడితే వేసవిలో కట్టి, ప్లాస్టరింగ్ ఆరిన వెంటనే నింపేయాలి, తర్వాత ఎప్పుడూ వానాకాలంలో ఖాళీ చేయొద్దు. అంతకన్నా నేల మీద సగం పైకి ఉండే ఫైబర్ ట్యాంకు మీకు మేలు.

మొదటిసారి నింపడానికి 40 రోజుల సరుకు, అంటే రెండు టన్నుల పేడ కావాలి. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు బకెట్ల స్లర్రీ (గ్యాస్ పుట్టాక బయటికొచ్చే పేడనీళ్లు) తెచ్చి తోడు వేస్తే త్వరగా అందుకుంటుంది. మొదట వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, మండదు. రెండు మూడుసార్లు బయటికి వదిలేసి తర్వాత పొయ్యి దగ్గరే వెలిగించి చూడండి. ప్లాంటు మూతి దగ్గర అగ్గిపుల్ల గీయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆగిపోయే ప్లాంట్లలో ఎక్కువ వాటికి కారణాలు ఇవే: షెడ్డు కడిగిన ఫినాయిల్, బ్లీచింగ్, సబ్బునీళ్లు లోపలికి వెళ్లడం. యాంటీబయాటిక్ వేసిన గేదె పేడ కలపడం (పొదుగువాపు మందు వేసిన వారం ఆ పేడ కుప్పకే పంపండి). పేడలో గడ్డిపరకలు పోయి పైన తెట్టు కట్టడం. పైపు ఎక్కడో కిందికి వంగి నీరు చేరి మంట కొట్టుకోవడం. పైపు మొత్తం ఒకే వైపు వాలుగా వేసి, అత్యంత పల్లపు చోట నీరు తీసే కుళాయి పెట్టండి. నెలకోసారి అతుకుల మీద సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పొయ్యి కూడా గోబర్ గ్యాస్‌దే ఉండాలి, ఎల్‌పీజీ బర్నర్ రంధ్రం సన్నది, మంట నిలవదు.

బయటికొచ్చిన స్లర్రీలో ఇంకా కొంత గ్యాస్ పుడుతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ గుంటలో నిలవబెడితే పాడిలెక్క గారు చెప్పిన కథ మొదటికొస్తుంది. ఎండాకు, ఊక, చెత్త పరిచి దానిమీద పోసి కుప్పలో కలిపేయండి.

---

అరకదున్న

ఇదంతా పడమటి దేశాల గోల అండీ. వాళ్లు అడవులు నరికి సోయా పండించి బీఫ్ పెంచుతారు, మనం వరిగడ్డి పెట్టి పాలు పిండుకుంటున్నాం. మన గడ్డి పశువు తినకపోతే పొలంలో తగలబెట్టాలి. పది గేదెలున్నవాడి మెడకు ఈ లెక్కలు ఎందుకు?

---

మేతమోపు

అరకదున్న గారూ, మీ మాటలో సగం నిజం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2013లో చెప్పిన 14.5 శాతంలో (మనుషుల వల్ల వచ్చే మొత్తం ఉద్గారాల్లో పశుపోషణ వాటా) మేత పండించడానికి, అడవులను మేత భూములుగా మార్చడానికి పెద్ద భాగమే పోతుంది. మన డెల్టా గేదెకు ఆ వాటా పెద్దగా అంటదు. మనుషులు తినలేని గడ్డి, తవుడు, చెక్క తిని పాలిస్తుంది.

మిగతా సగం ఏమిటంటే, లీటరు పాలకు ఎంత అని చూస్తే మనమే వెనకబడతాం. ఉత్త వరిగడ్డి తిని రెండు లీటర్లిచ్చే గేదే, మంచి మేత తిని పది లీటర్లిచ్చే గేదే కడుపులోంచి వదిలేది మరీ అంత తేడాగా ఉండదు. భాగించాల్సిన లీటర్లే వేరు. 2019 పశుగణనలో దేశంలో గేదెలు దాదాపు 10.98 కోట్లు, ఆవులు ఎద్దులు కలిపి 19.25 కోట్లు. ఒక్కో దానిది కొంచెమే అయినా గుణిస్తే చిన్నది కాదు. పైగా లీటరుకు మీథేన్ తగ్గించే పనుల్లో చాలావరకు మేత ఖర్చు తగ్గించేవే. మేతలోని శక్తిలో ఆరేడు శాతం మీథేన్‌గానే ఎగిరిపోతుంది, డబ్బులు పెట్టి కొన్న దాణాలోంచి కూడా.

ఇక మేత. గడ్డి ముదిరినకొద్దీ, పీచు ఎక్కువైనకొద్దీ పెద్దపొట్టలో ఎసిటేట్ అనే ఆమ్లం ఎక్కువ పుడుతుంది, దాంతోపాటు హైడ్రోజన్ మిగులుతుంది. ఆ హైడ్రోజన్‌నే సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. లేత మేత, దాణా పడితే ప్రొపియోనేట్ అనే ఇంకో ఆమ్లం ఎక్కువ, హైడ్రోజన్ అక్కడే ఖర్చవుతుంది. సూత్రం ఇంతే.

సూపర్ నేపియర్ ఒక్కటే ఎకరం వేయడం పొరపాటు. ఆరేడు సెంట్ల గట్లు, అంచుల్లో అవిసె, సుబాబుల్, పదిహేను ఇరవై సెంట్లలో దశరథ గడ్డి పెట్టండి, ఇవి పప్పుజాతి మేతలు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వద్దు. నేపియర్ మొదటి కోత 70 రోజులకు, తర్వాత ప్రతి 40, 45 రోజులకు. తలెత్తు ఎదిగిందని మురిసిపోయి 60 రోజులదాకా ఆగితే బరువు వస్తుంది కానీ కాడ చెరుకులా ముదిరి, సగం గాటిలోనే మిగులుతుంది. ఛాఫ్ కట్టర్‌లో అంగుళం, అంగుళంన్నర ముక్కలు.

మీ ప్రాంతానికి మాత్రం అన్నిటికన్నా మంచి మేత పిల్లిపెసర. వరి కోతకు ముందు తడి ఆరకుండా చేలో చల్లితే మిగిలిన తేమతోనే వస్తుంది, ఎరువు అక్కర్లేదు, నేలకు నత్రజని ఇస్తుంది. దాన్ని కోసి ఎండబెట్టి వాములో వరిగడ్డితో పొరలు పొరలుగా వేసుకుంటే వేసవి గడుస్తుంది. పచ్చిరొట్ట అంటేనే గుర్తొచ్చే జనుము కూడా లేతగా కోస్తే మేతే.

పది లీటర్లిచ్చే ముర్రాకు ఉజ్జాయింపు: నేపియర్ 20 కిలోలు, పప్పుజాతి పచ్చిమేత 6 నుంచి 8, వరిగడ్డి 4, దాణా 5, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు. వరిగడ్డిలో ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి కాబట్టి ఆ 50 గ్రాములు ఎగ్గొట్టొద్దు. ఇలా మేత పాళ్లు సరిచేసిన చోట లీటరు పాలకు మీథేన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్టు జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) చూపించింది.

యూరియా గడ్డి గురించి కూడా అడుగుతారు, ముందే చెబుతా. వంద కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలుగా చల్లి, తొక్కి, పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు. తీశాక రెండు గంటలు ఆరబెట్టి, మొదటి రోజు కిలోతో మొదలుపెట్టి వారంలో పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. కలిపిన బకెట్టు షెడ్డులో వదలొద్దు, గేదె తాగిందంటే బతకడం కష్టం. పట్టా చిరిగితే బూజు, నీళ్లు తక్కువైతే యూరియా అలాగే మిగులుతుంది, అదీ ప్రమాదమే. ఇంత చేశాక విప్పగానే అందులోని అమ్మోనియాలో సగానికి పైగా గాల్లో కలుస్తుంది. పాలు పెరుగుతాయి, నిజమే. కానీ పిల్లిపెసర దొరికే డెల్టాలో నేనైతే దీని జోలికి పోను, మెట్ట ప్రాంతాలకు సరే.

పొడుల సంగతి: హరిత్ ధార బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థది. టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్న మొక్కలతో చేసింది, 17 నుంచి 20 శాతం తగ్గింపు అని వాళ్ల మాట. అంతకుముందు చింతగింజల తొక్కతోనూ వాళ్లు ఇలాంటిదే చేశారు. టానిన్లు మోతాదు దాటితే గేదె మేత తగ్గిస్తుంది, మాంసకృత్తులు అరగవు, కాబట్టి చింతగింజల తొక్క దొరికింది కదా అని ఎంతపడితే అంత కలపకండి. బోవేర్ అనే మందు (3-ఎన్‌ఓపీ) పాడి ఆవుల్లో 30 శాతం దాకా తగ్గిస్తుంది, యూరప్ 2022లో, అమెరికా 2024లో అనుమతించాయి. కానీ ప్రతి ముద్దలోనూ కలిసి ఉండాలి, కొన్ని గంటల్లో పని అయిపోతుంది. పొద్దున దాణాలో కలిపి రోజంతా గడ్డి వేసే మన పద్ధతికి కుదరదు. ఎర్ర సముద్రపు నాచులో పనిచేసేది బ్రోమోఫాం అనే రసాయనం, నిలవ ఉంటే ఎగిరిపోతుంది. పది గేదెలవాళ్లకు ఇవేవీ ఈ రోజు లెక్కలోకి రావు.

---

బర్రెలకొట్టం

అందరు మేత, పేడ చెప్పిన్రు, అసలు లెక్క ఈతల మధ్య ఎడంలో ఉన్నది. పాలియ్యని రోజుల్లో కూడా బర్రె మీథేన్ ఇడుస్తనే ఉంటది కదా.

ఒక ఈతకు 1800 లీటర్లనుకోండి. రోజుకు 150 గ్రాముల మీథేన్. పద్దెనిమిది నెలలకోసారి ఈనితే ఆ ఎడంలో 82 కిలోలు, లీటరుకు 45 గ్రాములు. పద్నాలుగు నెలలకే ఈనితే 64 కిలోలు, లీటరుకు 35. ఒక్క రూపాయి పొడి తినిపియ్యకుండ ఐదో వంతుకు పైనే తగ్గింది. హరిత్ ధారతో వచ్చేదానికన్న తక్కువేం కాదు.

బర్రె చూడి 310 రోజులు. పద్నాలుగు నెలలకు ఈనాలంటే ఈనిన 115 రోజుల్ల చూడి కట్టాలె. అంటే 60వ రోజు నుంచే ఎద కోసం చూడాలె. ముర్రాకు మూగ ఎద ఎక్కువ, ఆవు లెక్క ఎక్కి దుంకదు. తెల్లారకముందు నాలుగైదు గంటలకు, రాత్రి పడుకునే ముందు చూడాలె: మానం నుంచి జిగట తీగలు, మాటిమాటికి మూత్రం, పాలు సగం ఇచ్చుడు, అరుపు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది (కృత్రిమ గర్భధారణ), సాయంత్రం కనబడితే తెల్లారి. రెండు నెలలు దాటినంక డాక్టర్‌తో చూడి పరీక్ష చేయించాలె. మళ్ల ఎదకు రాలేదు కాబట్టి కట్టిందనుకునుడే పెద్ద తప్పు, ఆర్నెల్లు పోయినంక వట్టిదని తెలుస్తది.

ఎండాకాలం ఎద ఆగిపోతది. షెడ్డు కప్పు ఎత్తు మధ్యల 14, 15 అడుగులన్న ఉండాలె, రేకులైతే పైన గడ్డి పరచాలె, పగలు రెండు మూడుసార్లు నీళ్లు కొట్టాలె. ఇక్కడ నీళ్లు పొదుపు చేయొద్దు. పడ్డలకు దూడప్పటి నుంచి నట్టల మందు, దాణా సరిగా పడకపోతే నాలుగేండ్లు దాటినా ఈనవు. ఆ నాలుగేండ్లు ఉత్త మీథేనే. పడ్డలే కావాలంటే లింగ నిర్ధారణ చేసిన వీర్యం దొరుకుతున్నది, పదిట్ల తొమ్మిది ఆడదూడలే. చూడి కట్టుడు మామూలు సూది కన్న కొంచెం తక్కువ ఉంటది, అందుకే మొదటిసారి పడ్డలకు, ఎద బాగ కనబడే వాటికే వాడాలె.

---

కొల్లేటిగట్టు

గుంట తీసేశాం, ప్లాంటు రెండు ఘనపు మీటర్లకు తగ్గించాం. ఇంకా రోజుకు 150 కిలోల పేడ మిగులుతోంది. జూలై నుంచి నవంబరు దాకా మా దగ్గర కుప్ప ఆరదు, చుట్టూ నీళ్లే. వానపాముల ఎరువు చేస్తే ఎన్ని మడులు కావాలి? అదే పేడ నేరుగా వరి చేలో వేస్తే కాదా?

---

పాడిలెక్క

వరి చేలో పచ్చిపేడ వద్దు. దమ్ము చేసి నీళ్లు పెట్టిన చేనంటే గాలి తగలని మడి, అంటే మళ్లీ గుంటే, ఎకరం వెడల్పున. మాగిన ఎరువైతే కుళ్లే సరుకు చాలావరకు అయిపోయి ఉంటుంది కాబట్టి మీథేన్ బాగా తక్కువ. దాన్ని కూడా వేసవి దుక్కిలో వేసి కలియదున్నడం మేలు, దమ్ములో కాదు.

మడుల లెక్క. రోజుకు 150 కిలోలంటే నెలకు నాలుగున్నర టన్నులు. ఒక విడత 60 రోజులు, అంటే ఎప్పుడూ తొమ్మిది టన్నులు మడుల్లో ఉంటుంది. 12 అడుగుల పొడవు, 4 వెడల్పు, అడుగున్నర ఎత్తు మడిలో సుమారు 1.3 టన్నులు పడుతుంది. ఏడు మడులు. దారులతో కలిపి సెంటున్నర, రెండు సెంట్ల స్థలం. వెడల్పు నాలుగడుగులు దాటొద్దు, రెండు వైపుల నుంచీ చేయి అందాలి.

మీ నేలలో మడులు పైకే కట్టాలి. అడుగున్నర మెరక పోసి, దానిమీద ఇటుక ముక్కలో కంకరో మూడు అంగుళాలు, పైన మడి. పైకప్పు తాటాకు అయినా చాలు కానీ వాన జల్లు పక్క నుంచి పడకుండా చూరు రెండడుగులు ముందుకు రావాలి. కుప్పలోంచి కారే ఎర్రనీళ్లే అసలు మురుగు, పొటాష్, నైట్రేట్ అందులోనే పోతాయి. మంచినీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మీకు నాలుగడుగులకే నీళ్లు కాబట్టి తాగే బోరుకు దగ్గర్లో కుప్పా వద్దు, మడీ వద్దు.

పచ్చిపేడ నేరుగా వేస్తే వానపాములు ఆ వేడికి చస్తాయి లేదా పారిపోతాయి. 15 నుంచి 20 రోజులు కప్పు కింద కుప్పవేసి, మధ్యలో ఒకసారి తిరగేసి, చేయి పెడితే చల్లగా తగిలాకే మడికి ఎక్కించండి. కాబట్టి ఏడు మడులతోపాటు ఆ కుప్పలకూ మూడు టన్నుల చోటు చూసుకోవాలి. పేడ పొరల మధ్య ఎండాకులు, గాటిలో మిగిలిన గడ్డి. పిడికిట్లో నొక్కితే చేతికి తడి అంటాలి, ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారిందంటే గాలి ఆడక కుళ్లువాసన, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అన్నీ మొదలవుతాయి. ఈ నైట్రస్ ఆక్సైడ్ కిలో 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, మీథేన్ కన్నా పదిరెట్లు. ఊక కలిపితే తడి సర్దుకుంటుంది.

---

మేతమోపు

ఒక్క జాగ్రత్త. మూత్రం, స్లర్రీ అంతా అదే ఎకరం నేపియర్‌కు తిప్పితిప్పి పెట్టొద్దు. నత్రజని ఎక్కువై, పైన ఎండ ముదిరి నీళ్లు ఆగితే కాడల్లో నైట్రేట్ పేరుకుంటుంది. అలాంటి మేత ఆకలి మీదున్న గేదె కడుపునిండా తింటే ఊపిరాడక, నెత్తురు చాక్లెట్ రంగుకు తిరిగి గంటల్లో పడిపోతుంది. స్లర్రీ పెట్టిన మడిని కనీసం మూడు వారాలు కోయకండి, బెట్టకొచ్చిన గడ్డి తడి పెట్టాక వారం ఆగి కోయండి, కింది జానెడు కాడ వదిలేయండి, నైట్రేట్ ఎక్కువగా అక్కడే ఉంటుంది. మిగిలిన మూత్రాన్ని కొబ్బరి, అరటి, గట్టు మీది అవిసెలకు పంచండి.

---

గ్యాస్‌బండ

ఫైబర్ ట్యాంకు అయితే దాన్ని గుంజలకు కట్టి, వరద వచ్చే ముందు నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకు డ్రమ్ములా తేలి పైపులు తెంపుకుంటుంది.